సూపర్ కండక్టివిటీ పరిశోధన - ఫెలోషిప్పులు - దళిత విద్యార్థి: ఒక చారిత్రక పరిశీలన

మన పత్రికల్లో భూమి గురించి రాసుకున్నాం. కూలి గురించి, దాడుల గురించి, రిజర్వేషన్ల గురించి, సాహిత్యం గురించి రాసుకున్నాం. ప్రయోగశాల గురించి రాసుకున్నది మాత్రం చాలా తక్కువ. ఊళ్లో చెరువు ఎవరిది, బావి ఎవరిది అని నిలదీసిన వాళ్లమే, విశ్వవిద్యాలయంలో ద్రవ హీలియం ఎవరి చేతుల్లో ఉంది, ఆ గదిలోకి ఎవరు పోగలుగుతున్నారు అని అడగడం అరుదు. భౌతికశాస్త్రం అనగానే అది కులం లేని చోటనీ, అక్కడ తెలివి ఒక్కటే కొలబద్ద అనీ ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని ప్రచారం చేసేది ఎవరో మనకు తెలుసు.

ఈ వ్యాసంలో మేము ఒక చిన్న విషయాన్ని తీసుకుంటున్నాం. సూపర్ కండక్టివిటీ రంగంలో పిహెచ్.డి. చేసే విద్యార్థికి నెలనెలా వచ్చే ఫెలోషిప్పు. చిన్న విషయమే, కానీ దీని లోపల పెద్ద చరిత్ర ఉంది. ఈ రంగంలో జరిగిన గొప్ప పనుల్లో చాలా వాటి వెనక పరిశోధక విద్యార్థులు, సహాయకులు ఉన్నారు. వాళ్లకు తెలివితో పాటు దొరికింది కాలం. తిండికి వెతుక్కోకుండా నాలుగైదేళ్లు ఒక సమస్య మీద కూర్చునే కాలం. ఫెలోషిప్పు అంటే అసలు అర్థం అదే. మన దేశంలో దళిత విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి అదే డబ్బు ఉపకారంగా మారిపోయింది. మన భాషలో దానికి పెట్టిన పేరే చూడండి: ఉపకారవేతనం. వేతనమైతే పనికి ఇచ్చేది. ఉపకారమైతే దయతలచి ఇచ్చేది. ఈ రెండు మాటల మధ్య జరిగిన లాగులాటే ఇక్కడ మేము చెప్పదల్చుకున్న చరిత్ర.

1. లైడెన్‌లో పని చేసిందెవరు?

ముందు విషయం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. తీగలో కరెంటు పోతుంటే తీగ వేడెక్కుతుంది. కొంత విద్యుత్తు అలా వృథా అవుతుంది. దానికి కారణం తీగకుండే నిరోధం. కొన్ని పదార్థాల్ని బాగా చల్లబరిస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర ఈ నిరోధం పూర్తిగా మాయమైపోతుంది. ఒకసారి పంపిన కరెంటు తగ్గకుండా తిరుగుతూనే ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అతివాహకత అన్నారు, వాడుకలో సూపర్ కండక్టివిటీ. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. స్కానింగు యంత్రంలో ఉండే పెద్ద అయస్కాంతం సాధారణంగా నియోబియం-టైటానియం తీగతో చుట్టిన సూపర్ కండక్టరే. జెనీవా దగ్గర సెర్న్‌లో కణాల్ని వంపు తిప్పడానికి 1.9 కెల్విన్ చలిలో పనిచేసే 1232 పెద్ద అయస్కాంతాలు ఉన్నాయి, అవీ ఇవే. ఈ తీగలు, అయస్కాంతాలు, సూక్ష్మ కొలత పరికరాలు తయారుచేసే విద్యనే అనువర్తిత సూపర్ కండక్టివిటీ అంటారు.

ఇది బయటపడింది 1911 ఏప్రిల్‌లో, హాలెండులోని లైడెన్‌లో. 1908లో హీలియంని మొదటిసారి ద్రవంగా మార్చిన కామర్లింగ్ ఓనెస్ ప్రయోగశాలలో పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా చల్లబరిస్తే నిరోధం పోయింది. 1913లో ఓనెస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. చాలా పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆ రోజు హీలియం పాత్ర దగ్గర ఓనెస్‌తో పాటు నిలబడ్డ పనిమంతుడు గెరిట్ ఫ్లిమ్. దూరంగా చీకటి గదిలో కూర్చుని గాల్వనోమీటరు చూసి అంకెలు తీసింది గిలెస్ హోల్స్ట్, కోర్నెలిస్ డోర్స్‌మన్. నిరోధం మాయమవ్వడాన్ని కొలిచిన చెయ్యి హోల్స్ట్‌ది. ప్రకటించిన వ్యాసం మీద ఉన్న పేరు ఒక్క ఓనెస్‌ది.

ఈ చరిత్రలో మనం గమనించాల్సింది ఇంకొకటుంది. ఓనెస్ 1901లోనే పరికరాలు చేసేవాళ్ల కోసం ఒక బడి పెట్టాడు. గాజు ఊదే పిల్లలు, లోహం పని నేర్చే పిల్లలు అక్కడ నీలం కోట్లు వేసుకుని ప్రయోగశాలలోనే పెరిగారు. పేరు దగ్గర అన్యాయం జరిగినా, చేతిపని లేకుండా విజ్ఞానం లేదని ఆ ప్రయోగశాల ఒప్పుకుంది. మన దేశంలో కులవ్యవస్థ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. తోలు పదును చేసేవాడు, ఇనుము కరిగించేవాడు, కుండ కాల్చేవాడు పదార్థం గుణం తెలిసినవాళ్లు. వాళ్లని చదువుకి దూరం పెట్టింది. చదువుకున్న వాడిని పదార్థం ముట్టుకోకుండా చేసింది. ముట్టుకోవడమే మైల అయిన చోట ప్రయోగశాల ఎట్లా పుడుతుంది?

2. విద్యార్థులు చేసిన చరిత్ర

నిరోధం ఎందుకు పోతుందో 46 ఏళ్ల పాటు ఎవరికీ అంతుబట్టలేదు. 1957లో దాన్ని వివరించిన ముగ్గురిలో బార్డీన్ పెద్ద ప్రొఫెసరు. కూపర్ అప్పుడే డాక్టరేటు పూర్తిచేసి వచ్చిన కుర్రవాడు. ష్రీఫర్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంకా పిహెచ్.డి. చేస్తున్న విద్యార్థి. కీలకమైన సమీకరణం అతనికి తట్టింది న్యూయార్కు సబ్‌వే రైల్లో పోతున్నప్పుడు. 1972లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థి. వయసు 22. రెండు సూపర్ కండక్టర్ల మధ్య పల్చటి అవాహక పొర పెట్టినా, ఓల్టేజి లేకుండానే కరెంటు దాటిపోతుందని అతను లెక్కకట్టి చెప్పాడు. ఆ రంగంలో అప్పటికే పెద్దవాడైన బార్డీన్ ఒప్పుకోలేదు, వాదించాడు. విద్యార్థి చెప్పిందే నిజమైంది. మెదడులో పుట్టే అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా కొలిచే స్క్విడ్ పరికరం ఆ లెక్క మీదే నిలబడింది. 1973లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది.

1986లో జూరిక్ దగ్గర ఐ.బి.ఎం. ప్రయోగశాలలో బెడ్నోర్జ్, మ్యూలర్ అనే ఇద్దరు అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని రాగి ఆక్సైడుల్లో 30 కెల్విన్ పైనే సూపర్ కండక్టివిటీ మొదలవుతుందని చూపించారు. 1987 జనవరిలో హ్యూస్టన్‌లో పాల్ చూ, అలబామాలోని హంట్స్‌విల్‌లో వూ బృందాలు కలిసి 93 కెల్విన్ చేరుకున్నాయి. హంట్స్‌విల్‌లో ఆ నల్ల బిళ్ల తయారుచేసిన వాళ్లలో యాష్‌బర్న్, టోర్న్‌గ్ విద్యార్థులు. ఏ మూలకం ఎంత పాళ్లలో కలపాలో లెక్కవేసింది యాష్‌బర్న్.

ఈ మూడు ఉదాహరణలూ మేము ఎందుకు చెబుతున్నామంటే, పరిశోధక విద్యార్థి అంటే గురువు వెనక నడిచే శిష్యుడు కాడని చెప్పడానికి. ఎన్నో సందర్భాల్లో అతనే ముందు నడిచాడు. అందుకే ఆ దేశాల్లో పరిశోధక విద్యార్థిని పోషించడం దానం కిందికి రాలేదు. రంగం బతకడానికి పెట్టే పెట్టుబడి అయింది. ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐ.ఇ.ఇ.ఇ.లోని సూపర్ కండక్టివిటీ కౌన్సిల్, అనువర్తిత సూపర్ కండక్టివిటీలో పిహెచ్.డి. చేసే పూర్తికాల విద్యార్థుల కోసమే విడిగా ఫెలోషిప్పు పెట్టింది. అది తీసుకున్న వాళ్లని ఎవరూ ఉపకారం పొందిన వాళ్లు అనరు, గౌరవం పొందిన వాళ్లు అంటారు. కానీ అటువంటి ఫెలోషిప్పు ఎవరికొస్తుంది? అప్పటికే ప్రయోగశాల లోపల ఉన్న వాడికి. లోపలికి పోయే దారి ఎవరేస్తారన్నది మన ప్రశ్న.

3. అదే కాలంలో మనవాళ్లు

లైడెన్‌లో పాదరసాన్ని చల్లబరుస్తున్న రోజుల్లో మనవాళ్లు ఎక్కడున్నారు? 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో భాగ్యరెడ్డి వర్మ గారు మన పిల్లలకు బడి తెరిచారు. అప్పటి పోరాటం అక్షరం కోసం. ఆ తర్వాతి కాలంలో ఆయన బళ్ల సంఖ్య పెంచుకుంటూ పోయారు. ఓనెస్‌కి నోబెల్ వచ్చిన 1913లోనే బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద అంబేడ్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల పాటు. చదువయ్యాక పదేళ్లు బరోడా కొలువులో పనిచెయ్యాలని ఒప్పంద పత్రం.

ఆ మొదటి ఫెలోషిప్పు చరిత్రలోనే మనకు ముందుముందు జరగబోయేదంతా ఉంది. మూడేళ్ల మీద ఇంకో ఏడాది పొడిగించారు. 1917లో గడువు తీరిపోయింది. అంబేడ్కర్ లండన్ చదువు సగంలో వదిలేసి వెనక్కి రావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే ఆ ఊళ్లో ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. డబ్బు ఇచ్చిన రాజ్యం ఉండడానికి గూడు ఇవ్వలేకపోయింది. తర్వాత బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక పార్సీ స్నేహితుడి అప్పు, ఇవన్నీ కలిపి 1920లో మళ్లీ లండన్ పోయారు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. ఆయన అంతటి వాడి చదువుకే మధ్యలో మూడేళ్ల గండి పడింది.

అంబేడ్కర్ మేలు మరిచిన మనిషి కాదు. 1925లో అచ్చయిన తన కొలంబియా పరిశోధన గ్రంథాన్ని సయాజీరావుకే అంకితమిచ్చారు. కానీ తన జాతి పిల్లల కోసం అడిగే రోజు వచ్చినప్పుడు ఆయన ఏ రాజు దయనూ అడగలేదు. 1942 అక్టోబర్ 29న, వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉండి, లిన్‌లిత్‌గోకి ఒక వినతిపత్రం ఇచ్చారు. షెడ్యూల్డు కులాల బాధల మీద రాసిన ఆ పత్రాన్ని ఇయ్యాల ప్రతి సైన్సు విద్యార్థీ చదవాలి. ఆర్ట్సు చదువు, లా చదువు మనవాళ్లకు పెద్దగా అక్కరకు రావనీ, కావలసింది సైన్సులో, సాంకేతిక విద్యలో ఉన్నత చదువు అనీ ఆయన అందులో వాదించారు. ఆ చదువు ఖర్చు మనవాళ్లు తట్టుకోలేరు కాబట్టి ప్రభుత్వమే భరించాలన్నారు. దేశంలో సైన్సు, సాంకేతిక కోర్సులు చదివే ఎస్సీ విద్యార్థులకు ఏడాదికి 2 లక్షలు, విదేశాల్లో చదవడానికి ఏడాదికి లక్ష కావాలని లెక్క చెప్పి అడిగారు. బెనారస్, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు సర్కారు ఏటా ఇస్తున్న గ్రాంటుల్ని పక్కన పెట్టి చూపించారు. అంటే ఆయన అడిగింది ఖజానాలో వాటా.

1944లో ప్రభుత్వం ఏడాదికి 3 లక్షల చొప్పున అయిదేళ్లకు మంజూరు చేసింది. ఇప్పుడు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అంటున్న దానికి పునాది అదే. 1954-55లో విదేశీ చదువుకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు వచ్చింది. మన హైదరాబాదు రాజ్యంలో బి.ఎస్. వెంకటరావు మంత్రిగా ఉన్నప్పుడు అణగారిన వర్గాల కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. ఇవన్నీ ఎవరో కరుణించి ఇచ్చినవి కావు. అడిగిన వాళ్లుంటే వచ్చినవి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సైన్సు చదవమని అంబేడ్కర్ అన్నాడు కాబట్టి చరిత్ర, సమాజశాస్త్రం మీకెందుకు అనే వాళ్లున్నారు. 2022లో ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు నియమాలు మార్చి భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధనకు విదేశాలకు పోయే దారి మూసేశారు. కొలంబియాలో 1916లో కులాల పుట్టుక మీద వ్యాసం చదివిన అంబేడ్కర్‌కి ఆ నియమం కింద స్కాలర్‌షిప్పు వచ్చేదా? మాకు రెండూ కావాలి. కులం ఎట్లా పుట్టిందో చెప్పే చదువూ కావాలి, అయస్కాంతం ఎట్లా చుట్టాలో చెప్పే చదువూ కావాలి.

4. 1987: తలుపు ఎంత తెరుచుకుంది?

1987కి ముందు సూపర్ కండక్టివిటీ అంటే ద్రవ హీలియం. ఖరీదు ఎక్కువ, దాన్ని తయారుచేసే యంత్రం దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టే చోట్ల ఉండేది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చదివే విశ్వవిద్యాలయాల్లో అది కలలోని మాట. 93 కెల్విన్ పదార్థం రావడంతో ఈ గోడ పగిలింది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది. అది చవక, గాలిలోంచి తీసేదే. పైగా ఆ పదార్థం చెయ్యడానికి కావలసింది యిట్రియం ఆక్సైడు, బేరియం కార్బొనేటు, కాపర్ ఆక్సైడు, నూరడానికి కల్వం, బిళ్ల చెయ్యడానికి ప్రెస్సు, 900 డిగ్రీలు దాటి కాల్చే కొలిమి, కొంచెం ఆక్సిజన్. ఎమ్మెస్సీ ప్రయోగశాలలో కూడా చెయ్యొచ్చు. 1987 మార్చి 18న న్యూయార్కులో వేలమంది భౌతికశాస్త్రవేత్తలు రాత్రంతా కూర్చుని ఈ విషయమే మాట్లాడుకున్నారు. బెంగుళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం ఆ తొలి నెలల్లోనే ఈ పదార్థం మీద ఫలితాలు ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం జాతీయ స్థాయిలో సూపర్ కండక్టివిటీ కార్యక్రమం మొదలుపెట్టి డబ్బు పెట్టింది. దేశమంతా విశ్వవిద్యాలయాల్లో ప్రాజెక్టులు పుట్టాయి.

ఆ సంవత్సరాలు మనకు ఇంకో రకంగా గుర్తున్నాయి. 1985 జూలైలో కారంచేడు. 1991 ఆగస్టులో చుండూరు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో నీళ్ల పప్పు తిని చదివిన మొదటి తరం పిల్లలు పెద్ద సంఖ్యలో విశ్వవిద్యాలయాలకి వచ్చింది కూడా అప్పుడే. 1993లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. ఒక పక్క ప్రయోగశాల ఖర్చు తగ్గింది, ఇంకో పక్క మనవాళ్లు గడప దాకా వచ్చారు. చరిత్రలో అట్లాంటి కలయిక మళ్లీ మళ్లీ రాదు. మరి ఆ గడప దాటింది ఎంతమంది?

పదార్థం చవకైంది. కాలం చవక కాలేదు. ఈ మాట వివరంగా చెప్పాలి. ఆ నల్ల బిళ్ల ఒక్కరోజులో కాదు. నూరాలి, కాల్చాలి, చల్లారనివ్వాలి, మళ్లీ నూరాలి, మళ్లీ కాల్చాలి. చివర ఆక్సిజన్‌లో పెట్టి మెల్లగా చల్లార్చాలి. ఆ చివరి దశలో తొందరపడితే పదార్థంలోకి చేరాల్సిన ఆక్సిజన్ చేరదు. చూడ్డానికి అదే బిళ్ల, కానీ సూపర్ కండక్టర్ కాదు. హీలియంతో చేసే కొలతలైతే ఇంకా కఠినం. ఒకసారి పాత్రలో పోశాక అది మరుగుతూ పోతూనే ఉంటుంది, అయిపోయేలోపు కొలతలు ముగించాలి. రాత్రి లేదు, పగలు లేదు. సాయంత్రం ట్యూషన్ చెప్పుకుని, ఆదివారం ఊరికి పోయి కూలిపని చూసుకుని చేసే పని కాదిది. నెల మొదట్లో డబ్బు చేతికి రాకపోతే మెస్సు బకాయి పడుతుంది, ఇంటికి పంపాల్సింది ఆగిపోతుంది, మనిషి ప్రయోగశాల వదిలి డబ్బు వెంట తిరుగుతాడు. అప్పుడు వెనకబడ్డాడంటారు. ఫెలోషిప్పు ఆలస్యం కావడం ఆఫీసుకు కాగితం ఆలస్యం. ప్రయోగం చేసే వాడికి అది చెడిపోయిన బిళ్ల.

5. ఒకే పరిశోధన, నాలుగు రకాల డబ్బు

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 2010నే తీసుకుందాం. జాతీయ పరీక్ష నెగ్గి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు తెచ్చుకున్న వాడికి నెలకు 16,000. కేంద్ర విశ్వవిద్యాలయంలో ఆ పరీక్ష లేకుండా పిహెచ్.డి. చేసే వాడికి 2006లో మొదలైన నాన్-నెట్ ఫెలోషిప్పు కింద 5,000. కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకం కింద హాస్టల్లో ఉండే పిహెచ్.డి. విద్యార్థికి నిర్వహణ భత్యం 1,200. నాలుగోవాడు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టు దొరికితే ప్రాజెక్టు డబ్బు, అది అయిపోతే ఏమీ లేదు. నలుగురూ ఒకే కొలిమి ముందు నిలబడొచ్చు, ఒకే పదార్థం చెయ్యొచ్చు. ఒకడి కాలం విలువ 16,000, ఇంకొకడిది 1,200. ఈ తేడా తెలివి వల్ల వచ్చిందంటారు. పరీక్షకు సంవత్సరం పాటు కోచింగు తీసుకునే డబ్బు ఎవరికుంది, ఇంట్లో దారి చెప్పే చదువుకున్న మనిషి ఎవరికున్నాడు అనేది ఆ లెక్కలోకి రాదు.

ఈ అంతరాన్ని కొంతైనా పూడ్చింది 2005-06లో వచ్చిన రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్పు. ఏడాదికి 1,333 మంది ఎస్సీ, 667 మంది ఎస్టీ పరిశోధకులకు జె.ఆర్.ఎఫ్.తో సమానంగా డబ్బు. మొదట్లో నెట్ షరతు లేదు. తర్వాత ఎస్సీల సంఖ్యను 2,000కి పెంచారు. ఇయ్యాల విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న మన తరంలో ఎంతోమంది ఆ ఫెలోషిప్పు బిడ్డలే. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ ముఖం చూసిన వాళ్లం మేము. ఆ డబ్బు మాకు పుస్తకాలు కొనిపెట్టింది, అంతకంటే ముందు, ఇంటి నుంచి పని మానుకుని రమ్మనే పిలుపును ఆపింది. ఆ తర్వాత పథకం పేరు మారింది, నెట్ పరీక్ష షరతై కూర్చుంది. తలుపు మళ్లీ సన్నమైంది.

నాన్-నెట్ ఫెలోషిప్పును 2012లో 8,000 చేశారు. 2015 అక్టోబర్‌లో యు.జి.సి. దాన్ని ఎత్తేస్తామంది. విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి సమీక్షకు కమిటీ వేసింది. జె.ఆర్.ఎఫ్. 2014లో 25,000, 2019లో 31,000, 2023లో 37,000 అయింది. పెంచినప్పుడల్లా పరిశోధకులు రోడ్డెక్కాల్సే వచ్చింది. అడక్కుండా పెరిగింది ఏదీ లేదు.

6. డబ్బు ఉంటే చాలదు: గైడు ప్రశ్న

ఫెలోషిప్పు కాగితం చేతిలో ఉన్నా గైడు లేకపోతే ప్రయోగశాల లేదు. 2008 ఫిబ్రవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం హాస్టల్లో సెంథిల్ కుమార్ చనిపోయాడు. భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. విద్యార్థి. తమిళనాడులో పందుల పెంపకం మీద బతికే కులం నుంచి వచ్చిన వాడు. అతనికి అప్పటికి గైడును కేటాయించలేదు. విశ్వవిద్యాలయం వేసిన కమిటీ, కోర్సువర్కు విషయంలో, గైడుల కేటాయింపు విషయంలో పద్ధతులు అస్పష్టంగా, ఒకరికి ఒకలా ఉన్నాయని తేల్చింది. ఇది ఎస్సీ, ఎస్టీలకు వ్యతిరేకంగా నడుస్తోందన్న విద్యార్థుల భావన కూడా నమోదయింది.

ఎనిమిదేళ్ల తర్వాత, 2016 జనవరి 17న, అదే విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల. సి.ఎస్.ఐ.ఆర్. ఫెలోషిప్పు నెగ్గి జీవశాస్త్రంలో చేరి తర్వాత సామాజిక శాస్త్ర పరిశోధనలోకి వచ్చిన వాడు. పరీక్ష నెగ్గలేదని అనడానికి లేదు. ఆయన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్పు రావాల్సి ఉందనే లెక్క ఉంది, లక్షా డెబ్బై అయిదు వేలు. ఒక పరిశోధకుడి చివరి కాగితంలో బకాయి లెక్క ఎందుకుండాల్సి వచ్చింది? అది ఉపకారమైతే ఆపినా అడిగేవాడుండడు. వేతనమైతే ఆపడం నేరం.

గైడులు ఎవరన్న దగ్గరికి వద్దాం. కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్ల కోసం 2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మంచిదే. కానీ ఆ చట్టానికి చివర ఒక షెడ్యూలు తగిలించి కొన్ని సంస్థల్ని మినహాయించారు. ఆ జాబితాలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం, కల్పాక్కంలోని ఇందిరా గాంధీ కేంద్రం, సూపర్ కండక్టింగ్ అయస్కాంతాలతో టోకమాక్ కట్టిన గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ, సూపర్ కండక్టింగ్ సైక్లోట్రాన్ ఉన్న కలకత్తా కేంద్రం, ముంబై టాటా సంస్థ, బెంగుళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం ఉన్నాయి. ఒక్కసారి ఆ పేర్లు మళ్లీ చదవండి. ఈ దేశంలో సూపర్ కండక్టివిటీ మీద పెద్ద ఎత్తున పని జరిగే చోట్లు ఎన్నో ఆ మినహాయింపులోనే ఉన్నాయి. ఎక్కడ హీలియం ఉందో అక్కడ అధ్యాపక రిజర్వేషన్ చట్టం వర్తించదు. ఇది కాకతాళీయం అనుకునేంత అమాయకులం కాము. శ్రేష్ఠత అనే మాట ఎప్పుడూ మన ముందే గేటు వేస్తుంది.

7. ఏం అడగాలి

విమర్శతో ఆపడం మా ఉద్దేశం కాదు. ఈ చరిత్ర నుంచి కొన్ని డిమాండ్లు సహజంగా వస్తాయి. ఫెలోషిప్పును వేతనంగా గుర్తించి ప్రతినెలా ఒక తేదీకి చెల్లించాలి, ఆలస్యానికి బాధ్యులెవరో రాసి ఉండాలి. క్రమశిక్షణ పేరుతో, కోర్సువర్కు పేరుతో దాన్ని ఆయుధంగా వాడే అధికారం ఎవరికీ ఉండకూడదు. చేరిన తర్వాత నిర్ణీత గడువులోపు గైడును ఇవ్వడం విభాగం బాధ్యత కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రయోగాలు చేసే ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు ప్రాజెక్టు దయ లేకుండా అయిదేళ్లు పూర్తిగా అందే ఫెలోషిప్పు కావాలి. పెద్ద ప్రయోగశాలల్లో కొలతలు తీసుకోవడానికి పోయిరావడానికి ఖర్చు అందులోనే ఉండాలి. 2019 చట్టంలోని మినహాయింపుల షెడ్యూలు పోవాలి. 1942లో అంబేడ్కర్ సైన్సు చదువు కోసం విడిగా డబ్బు అడిగారు. ఆ డిమాండును సైన్సు పరిశోధన దాకా తీసుకుపోవడం మన వంతు.

దీనికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది ఈ పత్రిక చదివే విద్యార్థులూ, ఉపాధ్యాయులూ, కార్యకర్తలూ చెయ్యగలిగిందే. మీకు దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగానికి పొండి. 1987 నుంచి సూపర్ కండక్టివిటీ మీద వచ్చిన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల జాబితా లైబ్రరీలో అడగండి. చేసింది ఎవరు, ఏ ఫెలోషిప్పు మీద, ఎన్నేళ్లు పట్టింది, ఎవరి కింద, మధ్యలో మానేసిన వాళ్లెవరు, ఎందుకు మానేశారు అని రాసుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. హీలియం పోసిన అటెండరు పేరు, గాజు ఊదిన పనివాడి పేరు కూడా రాసుకోండి. ఫ్లిమ్ పేరు, హోల్స్ట్ పేరు లైడెన్ చరిత్ర నుంచి ఎవరో తవ్వి తీస్తేనే మనకు తెలిశాయి. మన ప్రయోగశాలల చరిత్రను మన కోసం ఇంకెవరో వచ్చి తవ్వరు.